స్నానమునకు గ్యాసు గీజరు: ఎట్టిది మేలు?

ఢిల్లీ చలి తెలుగుదేశమునుండి వచ్చినవారికి క్రొత్త. డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత తరచుగా 7, 8 డిగ్రీలకు దిగును. కొన్ని దినములు 4 డిగ్రీలకును దిగును. కుళాయి నీటిలో చేయి పెట్టలేము. నోయిడా, గాజియాబాదు, గురుగ్రామ్‌లలోని అద్దె ఇండ్లలో కాపురముండువారికి గ్యాసు గీజరు మిక్కిలి అనుకూలమైన సాధనము. కుళాయి త్రిప్పిన కొద్ది క్షణములలో వేడినీరు వచ్చును. కాని దానిని ఎన్నుకొనుటలోను, అమర్చుటలోను జరిగిన పొరపాటు ప్రాణములనే తీయగలదు. మూసిన స్నానపుగదులలో ఇట్టి మరణములు ప్రతి శీతకాలమునను ఉత్తర భారతమున జరుగుచున్నవి.

కనబడని విషము

గ్యాసు మండుటకు గాలి కావలెను. ఒక కిలో వంటగ్యాసు పూర్తిగా మండుటకు సుమారు 15 కిలోల గాలి ఖర్చగును. తలుపులు బిగించిన చిన్న గదిలో గాలి చాలక కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. వంటగ్యాసు కారినచో అందు కలిపిన ఘాటైన వాసన మనలను హెచ్చరించును. ఈ విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకొనును. అందుచే శ్వాస ఆడుచుండగనే మెదడునకు, గుండెకు ప్రాణవాయువు అందకపోవును.

1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అను నతడు నిర్మించిన మొదటి గీజరునకు పొగగొట్టము లేదు. ఆ లోపము నేటికిని కొన్ని చవుక గీజర్లలో కనబడుచున్నది.

ఎట్టిది కొనవలెను?

మొదట ఇంటికి వచ్చు గ్యాసు ఏదో తెలిసికొనవలెను. సిలిండరు గ్యాసు వేరు. ఢిల్లీలో అనేక గృహములకు గొట్టముల ద్వారా వచ్చు సహజవాయువు వేరు. ఒకదానికి చేసిన గీజరును రెండవదానికి తగిలింపరాదు. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదే కొనవలెను. మంట ఆరినచో గ్యాసును తనంతట ఆపివేయు ఏర్పాటు ఉండవలెను. బయటి గాలినే తీసికొని, పొగను గొట్టము ద్వారా బయటికే పంపు రకము అన్నిటికంటె మేలు. ఒక స్నానపుగదికి నిమిషమునకు 6 లీటర్లు ఇచ్చునది చాలును.

ఎక్కడ అమర్చవలెను?

పొగగొట్టము లేని గీజరును స్నానపుగదిలో పెట్టనే కూడదు. గాలి ధారాళముగా వచ్చు బాల్కనీలో అమర్చి, వేడినీటిని గొట్టము ద్వారా లోనికి తెచ్చుకొనవలెను. అద్దెకు దిగువారు ఈ సంగతిని ముందే చూచుకొని, అవసరమైనచో మార్పించుమని యజమానిని కోరవలెను. మార్పు జరుగువరకు దానిని వెలిగింపక, పొయ్యిమీద కాచిన నీటితో స్నానము చేయుట క్షేమము.

ఆపద కలిగినప్పుడు

తలనొప్పి, తల త్రిప్పుట, వాంతి, కాళ్ల నీరసము మొదటి గుర్తులు. వీనిని చలివలన కలిగినవని ఉపేక్షింపరాదు. తలుపు తెరచి, గ్యాసు కట్టి, రోగిని వెంటనే బయటి గాలిలోనికి చేర్చి, 112కు ఫోను చేయవలెను. గీజరు వెలుగుచుండెనని వైద్యునకు తప్పక చెప్పవలెను. ఏలయన, వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు ఈ విషము సోకినవారిలోను అంతయు సరిగానే ఉన్నట్లు చూపవచ్చును. ప్రాణవాయువు నిచ్చుటయే దీనికి చికిత్స.

స్నానమునకు పోయినవారు ఆలస్యము చేసినచో ఇంటివారు తలుపు తట్టుటకు సంకోచింపరాదు. ఆ ఒక్క పిలుపు ప్రాణమును నిలుపవచ్చును.