మాధవాయపాలెం బట్ట, గ్లాస్కో పంచె

వెనకటి పెళ్ళిళ్ళలో గ్లాస్కో పంచె కట్టి, భుజాన కండువా వేసుకుని పందిట్లో తిరిగిన తాతగార్ల ముచ్చట్లు మీ ఇంట్లోనూ చెప్పుకునే వుంటారు. గ్లాస్కో అంటే ఏమిటని ఆ రోజుల్లో అడిగితే, "సన్నని పంచె" అనేవారే ఎక్కువ. అది స్కాట్లండులో గ్లాస్గో అనే ఊరని ఎరిగినవారు తక్కువ. బట్టతోపాటు పేరు వచ్చింది. ఊరు మాత్రం మరుగున పడిపోయింది.

ఇంతకుముందే మన ఊరి పేరొకటి ఇలాగే సముద్రాలు దాటి వెళ్ళింది! మా అంబాజీపేటకు పడమటివైపు, వశిష్ఠ గోదావరి ఆవలి ఒడ్డున, నరసాపురం ప్రక్కనే మాధవాయపాలెం వుంది. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీవారు అక్కడ వర్తకస్థానం పెట్టి నేతబట్టలు ఓడల కెక్కించారు. దొరల నోట ఊరి పేరు తిరగలేదు. 'మదపొల్లం' అన్నారు. చివరకు బట్టకే ఆ పేరు స్థిరపడింది.

ఏమిటా బట్ట? కాలికోకన్న సన్నం, మస్లినుకన్న కాస్త దళసరి అయిన తెల్లని నూలుగుడ్డ. కాలికో మాత్రం పరాయిదా? అది మన కళ్ళికోట పేరే! ఫ్రెంచి, స్పానిష్ నిఘంటువుల్లో ఈనాటికీ మదపొల్లం కనిపిస్తుంది.

గోదావరి డెల్టాలో కంపెనీవారికి ఇలాంటి స్థానాలు మూడుండేవి. మాధవాయపాలెం పెద్దది. యానాం దగ్గరి ఇంజరం, మన కోనసీమలోని బెండమూర్లంక తక్కిన రెండూ. 1833లో కంపెనీ వర్తకానికి స్వస్తి చెప్పడంతో మాధవాయపాలెంలో కొనుగోళ్ళు ఆగిపోయాయి. అప్పటికే ఇంగ్లండులో ఆవిరి మగ్గాలు ఆడుతున్నాయి. చిత్రమేమంటే, తరువాత ఆ మరబట్టే మదపొల్లమన్న పేరుతో మనదేశానికి దిగుమతి అయింది. మన ఊరి పేరు పెట్టుకుని, మనకే అమ్మకానికి వచ్చిందన్నమాట! పేరు మిగిలింది గాని, ఆ పేరు తెచ్చిపెట్టిన సాలెవారికి కూడు మిగలలేదు.

అందుకే బట్టకు ఊరి పేరుండడం వట్టి ముచ్చట కాదు. నేతగాడికి అది ఆస్తి. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఆ పేరు ఇతరులు ఇష్టం వచ్చినట్టు వాడుకోకుండా చట్టం అడ్డు పడుతుంది. మాధవాయపాలేనికి ఆనాడు అలాంటి అండ లేదు.

అమలాపురం దగ్గర బండారులంకలో నేత ఇంకా సాగుతూనే వుంది. ఈసారి చీర కొనేటప్పుడు రంగు, అంచు, ధరతోపాటు ఇంకొక్క మాట అడగండి: "ఇది ఏ ఊరి నేతండీ?"