ఇంటివారి పోరు: 1912వ సంవత్సరపు అమెరికా ప్రైమరీ ఎన్నికలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నాలుగేండ్ల కొకమారు దేశాధ్యక్షుని ఎన్నిక జరుగునని మన పై తరగతుల విద్యార్థు లందరు నెరుగుదురు. కాని ఆ ఎన్నికకు ముందు మరియొక ఎన్నిక కలదనియు, అందు పోరాడువా రెల్లరు నొకే పక్షమునకు జెందినవారనియు నెరిగినవారు కొలదిమంది. ఈ ముందటి ఎన్నికకే ‘ప్రైమరీ’ యని పేరు. దేశమంతట జరుగబోవు పోటీలో తమ తరపున నెవ్వరిని నిలుపవలెనో తేల్చుకొనుటకై ఒక్కొక్క పక్షము ఒక్కొక్క రాష్ట్రమునందు వోట్లు వేయించును. ఆ వోట్లనుబట్టి ప్రతినిధు లేర్పడుదురు. వారు వేసవిలో నొక పట్టణమున మహాసభగా గూడి అభ్యర్థిని నిర్ణయింతురు. నియమమింతే. వినుటకు మిక్కిలి శాంతముగా నున్నది.

ఆచరణమున నిది శాంతముగా జరుగుట యరుదు. రెండు వేరు పక్షములవారు వాదించుకొనునప్పుడు సుంకములనుగూర్చియో, సైన్యమునుగూర్చియో, పన్నులనుగూర్చియో వాదింతురు. ఒకే పక్షములోని యిరువురు పోటీపడునప్పుడు అట్టి విషయములలో భేదము స్వల్పము. కావున వాదము మనుష్యునిపైకి దిగును. వాని నిజాయితీ యెట్టిది, వాడు నిన్న నేమనెను, ఎవ్వరివలన పైకి వచ్చెను, ఎవ్వరికి ద్రోహము చేసెను అనునవే ప్రశ్నలగును. పైగా నిన్నటివరకు నొక బల్లపై గూర్చున్నవారు గనుక ఒకరి లోపములు మరియొకరికి బాగుగా దెలియును. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత యూరక పుట్టలేదు. మన పల్నాటి కథ నెరిగినవారికి దాయాదుల పోరు పరాయివారి పోరుకంటె నెంత కఠినమో వేరుగ జెప్ప నక్కరలేదు.

ప్రైమరీ ఎన్నికలు మొట్టమొదట దేశమును గదలించినది 1912లో. ఆ యేడు రిపబ్లికను పక్షమున దలపడినవారు విలియం హోవార్డు టాఫ్టు, థియోడోరు రూజ్వెల్టు. వీరు ప్రాణస్నేహితులు. రూజ్వెల్టు అధ్యక్షుడుగా నున్న కాలమున టాఫ్టు ఆయన మంత్రివర్గమున యుద్ధకార్యదర్శి. 1908లో తన తరువాత టాఫ్టే అధ్యక్షుడు కావలెనని రూజ్వెల్టు పట్టుబట్టి గెలిపించెను. గెలిపించి, క్రొత్త అధ్యక్షునకు దారి విడుచుటకై తాను 1909లో ఆఫ్రికా ఖండమునకు వేటకు బోయెను. ఆయన తిరిగి వచ్చునప్పటికి స్నేహము సడలియుండెను. రూజ్వెల్టునకు మిక్కిలి యిష్టుడును, అడవుల శాఖకు ముఖ్యాధికారియు నగు గిఫర్డు పింఛోను టాఫ్టు 1910 జనవరిలో ఉద్యోగమునుండి తొలగించెను. 1911 అక్టోబరులో టాఫ్టు ప్రభుత్వము ఉక్కు కంపెనీపై దావా వేసినప్పుడు, 1907లో రూజ్వెల్టు సమ్మతితో జరిగిన యొక కొనుగోలును గూడ తప్పుగా నెత్తిచూపెను. తన్ను మోసపోయినవానిగా జిత్రించిరని రూజ్వెల్టు మండిపడెను. 1912 ఫిబ్రవరిలో తానును పోటీలో దిగుచున్నానని ప్రకటించెను.

ఇక అనుచరుల మాటలు వినవలెను. మన విషయమునకు ముఖ్యమైనవి యవియే.

టాఫ్టు పక్షమువారి మొదటి బాణము మూడవ పర్యాయమునుగూర్చినది. 1904లో గెలిచిన రాత్రియే రూజ్వెల్టు తాను మరల అభ్యర్థిగా నిలువనని దేశమునకు మాట యిచ్చియుండెను. ఆ మాట యేమాయెనని వీ రడిగిరి. దానికి రూజ్వెల్టు మిత్రులు చెప్పిన సమాధానము విచిత్రము: ఉదయమున కాఫీ త్రాగి ‘ఇక చాలు’ నన్నవాడు మరునాటి యుదయమున గూడ కాఫీ త్రాగనని ప్రమాణము చేసినట్లా? అనగా వరుసగా మూడవమారు వలదన్నాడే కాని, నడుమ నొకరు పాలించిన పిమ్మట వలదనలేదని భావము. ఈ యుపమానమును విని నవ్వినవారు నవ్విరి, కోపించినవారు కోపించిరి. ఎవ్వరును మనసు మార్చుకొనినట్లు గానరాదు.

రెండవ వాదము ఇంతకంటె గంభీరమైనది. ఓహయో రాష్ట్రపు రాజ్యాంగసంబంధమైన సభలో 1912 ఫిబ్రవరి 21వ తేదీన రూజ్వెల్టు మాటలాడుచు, రాష్ట్ర న్యాయస్థానము లొక శాసనమును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినచో, ఆ తీర్పును ప్రజలు వోటుచేత మార్చుకొనగల హక్కుండవలెననెను. టాఫ్టు పూర్వము న్యాయాధిపతిగా నుండినవాడు. న్యాయస్థానమనగా ఆయనకు దేవాలయముతో సమానము. ప్రజల యావేశము తీర్పులను దిద్దుట యారంభమైనచో దుర్బలునకు రక్షణ యెక్కడిదని ఆయన వాదించెను. కూలివారి పనిగంటలను తగ్గించు శాసనములను న్యాయమూర్తులు వరుసగా రద్దుచేయుచుండగా ప్రజలకు రక్షణ యెక్కడిదని రూజ్వెల్టు వాదించెను. ఈ యొక్క విషయమున రెండు ప్రక్కలను నిజమైన తర్కము గలదు. ఎన్నికలో దీనికి దొరకిన చోటు మాత్రము తక్కువ. తిట్లకు దొరకినది యెక్కువ.

మూడవ వర్గమొకటి యుండెను. విస్కాన్సిను రాష్ట్రపు రాబర్టు లా ఫాలెట్టు సంస్కరణవాదుల నాయకుడు. రూజ్వెల్టుకంటె ముందుగా టాఫ్టును ఎదిరించినవాడు. 1912 ఫిబ్రవరి 2న ఫిలడెల్ఫియాలో ఆయన యుపన్యాసము తడబడి మితిమీరి సాగెను. అంతట ఆయన యనుచరులు పలువురు రూజ్వెల్టును జేరిరి. మిగిలినవారి దృష్టిలో రూజ్వెల్టు తమ యుద్యమమును దొంగిలించినవాడు. ఇట్లు ఒకే గమ్యమును గోరిన లా ఫాలెట్టు వర్గము టాఫ్టుకంటె రూజ్వెల్టునే యెక్కువగా ద్వేషించెను. దగ్గరివారిపై కోపము దూరపువారిపై కోపముకంటె నెక్కువ కాలము నిలుచు ననుటకు ఇంతకంటె నిదర్శనము నాకు దోచదు.

ప్రైమరీలు మార్చి 19న ఉత్తర డకోటాలో మొదలయ్యెను. అచ్చట లా ఫాలెట్టు గెలిచెను. న్యూయార్కున టాఫ్టు గెలిచెను. ఏప్రిలునుండి గాలి మారినది. ఇల్లినాయి, పెన్సిల్వేనియా, మేరీలాండు, కాలిఫోర్నియా, తుదకు టాఫ్టు స్వరాష్ట్రమగు ఓహయోగూడ రూజ్వెల్టు వశమయ్యెను. (పెన్సిల్వేనియా పేరు మన పాఠకులకు క్రొత్త గాదు. 1842లో గుంటూరునకు వచ్చిన హేయరు మిషనరీగారిని బంపినది ఆ రాష్ట్రపు లూథరను సంఘమే.) కాలిఫోర్నియాలో 1911లోనే స్త్రీలకు వోటుహక్కు లభించియుండుటచే అచ్చటి స్త్రీలును ఈ పోరున పాల్గొనిరి. ఆ హక్కు దేశమంతట గలుగుటకు 1920 వరకు పట్టెను.

దూషణలు వారమువారమునకు పెరిగెను. రూజ్వెల్టు టాఫ్టును మందబుద్ధి యనెను. బుద్ధిలో గినీపందికి దీసిపోవునని హేళన చేసెను. టాఫ్టు మొదట చాలకాలము మౌనము వహించెను. పిమ్మట రూజ్వెల్టు అహంభావియనియు, జనులను రెచ్చగొట్టువాడనియు బలికెను. ఏప్రిలు 25న బాస్టనులో తనకు రూజ్వెల్టు వ్రాసిన జాబులను సభలో చదివి వినిపించెను. ఆ రాత్రి రైలుబండిలో తన్ను జూడవచ్చిన పత్రికావిలేఖరితో, రూజ్వెల్టు తనకు అత్యంత సన్నిహితుడగు మిత్రుడుగా నుండెనని చెప్పి యేడ్చెను. మరి కొన్ని దినములకే, మూలకు దరిమిన యెలుకయైనను తిరుగబడునని సభలో నతడే చెప్పుకొనెను. దేశాధ్యక్షుడు తన్ను తాను ఎలుకతో బోల్చుకొనుట శత్రువులకు విందాయెను.

నాయకు లిట్లుండగా అనుచరుల సంగతి చెప్పవలెనా? మిచిగను రాష్ట్రపు రిపబ్లికను సభ బే సిటీలో గూడినప్పుడు ముష్టియుద్ధము జరిగెను. సభాభవనమునకు సైనికుల కావలి యవసరమయ్యెను. పలుచోట్ల ఓడినవర్గము వేరొక సభ చేసి తన ప్రతినిధులను దానే యెన్నుకొనెను. అట్లు ఒక్కొక్క స్థానమునకు ఇరువురేసి ప్రతినిధులు బయలుదేరిరి.

ఈ కోలాహలమున ఒక మంచి సంగతియు గలదు. మసాచుసెట్సు రాష్ట్రమున వోటర్లు స్వల్ప ఆధిక్యముతో టాఫ్టును గోరిరి. కాని వోటుపత్రమునందలి చిక్కుచే, రాష్ట్రమంతటికి జెందిన ఎనిమిది ప్రతినిధిస్థానములు రూజ్వెల్టువారికి దక్కెను. వారు టాఫ్టునకే వోటువేయవలెనని రూజ్వెల్టు స్వయముగ బ్రకటించెను.

ప్రైమరీలు ముగియునప్పటికి రూజ్వెల్టు 9 రాష్ట్రములు గెలిచియుండెను. ఆయనకు ఇంచుమించు పదకొండున్నర లక్షల వోట్లు, టాఫ్టునకు ఏడున్నర లక్షలకు మించి, లా ఫాలెట్టునకు మూడున్నర లక్షలు వచ్చెను. అయిన నప్పటికి ప్రైమరీలు గల రాష్ట్రములు డజనుకు మాత్రమే పైబడి యుండెను. తక్కిన రాష్ట్రముల ప్రతినిధులను పక్షపు పెద్దలే నియమించుచుండిరి. దక్షిణరాష్ట్రములలో రిపబ్లికనులకు వోటర్లు లేకపోయినను ప్రతినిధులు మాత్రము దండిగా నుండిరి. వారిలో పలువురు పోస్టుమాస్టరులు మున్నగు కేంద్రోద్యోగులు. ఉద్యోగమిచ్చిన అధ్యక్షునకే వారి వోటు. ఇది యన్యాయమని రూజ్వెల్టు మొరపెట్టెను. మొర న్యాయమైనదే. కాని 1908లో దక్షిణపు ప్రతినిధుల సంఖ్యను దగ్గింపవలెనని సభలో ప్రతిపాదన రాగా దానిని వీగగొట్టినది ఆయన పక్షమువారే! అప్పు డా వోట్లు వారికి గావలసియుండెను.

జూను 18న షికాగో నగరపు కొలీసియము భవనమున మహాసభ ప్రారంభమయ్యెను. ప్రతినిధులు 1,078 మంది. గెలుపునకు 540 చాలును. తగవులోనున్న స్థానములు 254. వానిని విచారించిన పక్షపు కమిటీ 235 టాఫ్టునకును 19 రూజ్వెల్టునకును ఇచ్చివేసెను. దొంగతనము, దొంగతనము అని రూజ్వెల్టువారు కేకలిడిరి. ముందునాటి సాయంకాలమున రూజ్వెల్టు వేలకొలది జనులయెదుట, తాము హార్‌మెగిద్దోను యుద్ధభూమిని నిలిచి ప్రభువు పక్షమున బోరాడుచున్నామని ప్రకటించియుండెను. ప్రకటన గ్రంథములోని యీ మాట నొక పక్షపు టిక్కెట్టుకొరకై వాడుట తగునా యని అప్పుడే కొందరు భక్తులు నొచ్చుకొనియుందురు. నాకును అది తగదనియే తోచును. ఎదిరివాడు ప్రభువునకు శత్రువైన పిమ్మట వానితో రాజీ యెట్లు కుదురును?

సభాధ్యక్షస్థానమునకు జరిగిన వోటులో 558 వోట్లతో గెలిచిన ఎలిహు రూటు కూడ రూజ్వెల్టునకు పూర్వమిత్రుడే, ఆయన మంత్రివర్గమున బనిచేసినవాడే. వేదికచుట్టు కట్టిన రంగు గుడ్డల క్రింద ముండ్లతీగ దాచియుంచిరి. తమ్ము రోడ్డు రోలరువలె నణగద్రొక్కుచున్నారను నర్థమున రూజ్వెల్టు ప్రతినిధులు గరుకు కాగితములు రాచి రోలరు ధ్వనియు, నోటితో దాని కూతయు జేయుచుండిరి. తుదకు టాఫ్టునకు 561 వోట్లు వచ్చెను. 340కి మించిన ప్రతినిధులు సభలోనే యుండియు వోటు వేయ నిరాకరించిరి.

ఎవ్వరిది న్యాయము? ఆ 254 తగవులలో పెక్కు రూజ్వెల్టువారు ఊరక లేవదీసినవే. పత్రికలలోని లెక్కలలో టాఫ్టు బలము తక్కువగా గనబడవలెనని అట్లు చేసితిమని వారి పక్షపు పత్రికయే యొప్పుకొనెను. అయినను కొన్ని పదుల స్థానములు న్యాయముగా రూజ్వెల్టునకు రావలసినవని పిమ్మట విచారించిన చరిత్రకారులు పలువు రనిరి. అనగా కమిటీ చేసినది తప్పు. రూజ్వెల్టువారు చెప్పినదియు పూర్ణసత్యము గాదు. నియమము టాఫ్టు ప్రక్క, వోటర్లు రూజ్వెల్టు ప్రక్క నుండిరి. ఈ రెంటిలో నేది గొప్పదను ప్రశ్నకు ఆనాటి సభలో జవాబు చెప్పగలవాడు లేకపోయెను.

ఆగస్టులో రూజ్వెల్టు అనుచరులు అదే షికాగోలో సువార్తగీతములు పాడుచు ప్రోగ్రెసివు అను క్రొత్త పక్షమును స్థాపించిరి. అక్టోబరు 14న మిల్వాకీ నగరమున నొకడు రూజ్వెల్టును తుపాకితో గాల్చెను. జేబులో మడచియుంచిన యుపన్యాసపు కాగితములును కండ్లజోటి పెట్టెయు గుండు వేగమును దగ్గించెను. రొమ్మున గుండుతోనే ఆయన గంటకు పైగా ప్రసంగించి, ఆ తరువాతనే ఆసుపత్రికి బోయెను. అధ్యక్షపదవి మాత్రము ఇరువురికిని దక్కలేదు. నవంబరులో డెమోక్రటికు పక్షపు వుడ్రో విల్సను నూటికి 42 వంతులైనను లేని వోట్లతో గెలిచెను. నిర్వాచకుల సంఖ్యలో విల్సనునకు 435, రూజ్వెల్టునకు 88, టాఫ్టునకు 8. పాలించుచుండిన అధ్యక్షుడు రెండే రెండు రాష్ట్రములు గెలిచెను.

ప్రైమరీలు మాత్రము నిలిచినవి. 1968లో హ్యూబర్టు హంఫ్రీ ఒక్క ప్రైమరీలోను నిలువకయే డెమోక్రటికు అభ్యర్థి యగుటచే మరల షికాగోలోనే గొప్ప కలహము రేగెను. దాని ఫలితముగా నియమములు మారి, 1972నుండి వోటర్ల నిర్ణయమే ప్రధానమయ్యెను. పోరు తగ్గలేదు. 2008లో ఒబామా, హిల్లరీ క్లింటనుల యనుచరులు ఆరు నెలలు తగవులాడిరి. క్లింటనువారు కొందరు ఒబామాకు వోటే వేయమని శపథము పట్టిరి. జూను 27న నాయకులిరువురును యూనిటీ, అనగా ‘ఐక్యత’ యను పేరుగల న్యూహాంప్‌షైరు గ్రామమున నొకే వేదిక నెక్కిరి. అచ్చటి ప్రైమరీలో ఇరువురికిని సరిగా 107 వోట్లేసి వచ్చియుండెను. గెలిచిన పిమ్మట ఒబామా ఆమెను విదేశాంగ కార్యదర్శిగా నియమించెను.

టాఫ్టు, రూజ్వెల్టుల విషయమున సఖ్యత కింత త్వర కలుగలేదు. ఆరేండ్లు గడచెను. 1918 మే 26న టాఫ్టు షికాగోలోని బ్లాక్‌స్టోను హోటలులో దిగి, రూజ్వెల్టు భోజనశాలలో నొంటరిగా భుజించుచున్నాడని విని, తిన్నగా ఆయన బల్లయొద్దకు నడచెను. ఆయన లేచి చేయి చాచెను. ఇరువురును ఒకరి వీపు నొకరు తట్టుకొని మాటలాడుకొనుచుండగా చుట్టునున్న భోక్తలు లేచి చప్పట్లు గొట్టిరి. 1919 జనవరి 6న రూజ్వెల్టు మరణించెను. ఆయస్టరు బే శ్మశానవాటికలో టాఫ్టు కన్నీరు విడిచినట్లు చూచినవారు వ్రాసిరి. పిమ్మట రూజ్వెల్టు సోదరికి వ్రాసిన జాబులో, అతడు తనపై వైరముతోనే చనిపోయియున్నచో తాను బ్రదికినన్నాళ్లు దుఃఖించియుందునని టాఫ్టు తెలిపెను.