కాలింది ఎన్నింటికి? బర్న్స్ ఐసీయూలో మొదటి 24 గంటలు

గత ఎపిసోడ్‌లో బైక్ యాక్సిడెంట్‌లో తలకి దెబ్బ తగిలిన పేషెంట్‌ని ఐసీయూలో ఎలా చూస్తామో చెప్పాను. కళ్లు తెరుస్తున్నాడా, మాట్లాడుతున్నాడా, చెప్పినట్టు చెయ్యి కదుపుతున్నాడా అని మార్కులు వేసే గ్లాస్గో కోమా స్కేల్ గుర్తుంది కదా? 15కి 15 వస్తే పూర్తి స్పృహలో ఉన్నట్టు, 8 లేదా అంతకంటే తక్కువైతే కోమా. అది చూసి చాలామంది "అక్కా, కాలిన పేషెంట్ల గురించి కూడా చెప్పండి" అని అడిగారు. ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. అది చెప్పకుండా ఈ టాపిక్ చెప్పలేను.

అప్పటికి నేను ఐసీయూలో చేరి నాలుగు నెలలు. నైట్ డ్యూటీ. రాత్రి 9 గంటలకి ఒకామెని తీసుకొచ్చారు. 28 ఏళ్లు, బరువు 60 కిలోలు. వంటింట్లో గ్యాస్ లీకై, తలుపులు మూసి ఉండగా మంట అంటుకుంది. రెండు చేతులు, ఛాతీ, ముఖంలో కొంత భాగం కాలింది. ముందు వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి, తర్వాత ఇంకో చిన్న క్లినిక్‌కి తిప్పి, చివరికి మా దగ్గరికి తెచ్చారు. చేతుల మీద టూత్‌పేస్ట్ ఎండిపోయి ఉంది.

ఎంత కాలిందో ఎలా లెక్కేస్తామంటే, దానికి "తొమ్మిదుల లెక్క" ఉంది. పెద్దవాళ్లలో తల, మెడ కలిపి 9 శాతం. ఒక్కో చెయ్యి 9. ఒక్కో కాలు 18. ఒంటి ముందు భాగం 18, వెనక భాగం 18. మిగిలిన 1 శాతం మర్మాంగాల దగ్గర. చెదురుమదురుగా కాలితే పేషెంట్ అరచేతితో కొలుస్తాం. వేళ్లతో సహా అరచెయ్యి దాదాపు 1 శాతం. ఊరికే ఎర్రబడిన చర్మాన్ని ఇందులో కలపం. ఆమెకి చేతులు 18, ఛాతీ 9, ముఖం 3, మొత్తం 30 శాతం.

ఇప్పుడు అసలు విషయం. కాలింది చర్మం మాత్రమే కదా, మరి బాటిల్ మీద బాటిల్ సెలైన్ ఎందుకు ఎక్కిస్తారు? 20 శాతం దాటి కాలితే ఒంట్లో సన్నటి రక్తనాళాలన్నీ కారడం మొదలుపెడతాయి, కాలని చోట కూడా. రక్తంలో ఉండాల్సిన నీరు బయట కండలోకి జారిపోతుంది. మనిషి పైకి ఉబ్బుతూ కనిపిస్తాడు గానీ, లోపల రక్తనాళాల్లో నీరు తగ్గిపోతుంది. అప్పుడు బీపీ పడిపోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. దీన్నే బర్న్స్ షాక్ అంటాం.

దీనికి పార్క్‌ల్యాండ్ ఫార్ములా వాడతారు. అమెరికాలో డల్లాస్‌లోని పార్క్‌ల్యాండ్ హాస్పిటల్‌లో చార్లెస్ బాక్స్టర్ అనే సర్జన్ 1960ల్లో తయారుచేశారు. బరువు కిలోల్లో, కాలిన శాతం, ఈ రెండింటినీ 4తో గుణించాలి. 4 ఇంటూ 60 ఇంటూ 30 అంటే 7,200 ఎంఎల్. మొదటి 24 గంటల్లో అంత రింగర్ లాక్టేట్ ఇవ్వాలి, మేం ఆర్‌ఎల్ అంటాం. అందులో సగం, అంటే 3,600 ఎంఎల్, మొదటి 8 గంటల్లోనే వెళ్లాలి.

డాక్టర్ గారు కేస్ షీట్‌లో రాశారు. నేను 3,600ని 8తో భాగించి గంటకి 450 చొప్పున పెట్టాను. లెక్క కరెక్టే. తప్పు ఎక్కడుందో చెప్పగలరా?

10 గంటలకి మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ రౌండ్స్‌కి వచ్చారు. మానిటర్ వైపు చూడలేదు, మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగ్ వైపు చూశారు. గంటలో వచ్చింది 15 ఎంఎల్. పెద్దవాళ్లకి కిలోకి అర ఎంఎల్ లెక్కన ఆమెకి కనీసం 30 రావాలి. సిస్టర్ నన్ను ఒక్కటే అడిగారు: "కాలింది ఎన్నింటికమ్మా?"

నాకు తెలీదు. వచ్చింది 9కి అని తెలుసు. బయటికి వెళ్లి వాళ్లాయన్ని అడిగాను. "ఏడింటికి సిస్టర్, పాపకి అన్నం పెట్టే టైమ్‌కి" అన్నాడు.

8 గంటల లెక్క కాలినప్పటి నుంచి మొదలవుతుంది, హాస్పిటల్‌కి వచ్చినప్పటి నుంచి కాదు. అంటే ఆ సగం తెల్లవారుజామున 3 గంటల లోపు వెళ్లిపోవాలి. నేను 5 వరకు సాగదీశాను. మొదటి నుంచి గంటకి 600 వెళ్లాల్సింది. వెంటనే డ్యూటీ డాక్టర్‌ని పిలిచాం. మిగిలిన 3,150ని మిగిలిన 5 గంటలకి సర్ది, గంటకి 630కి మార్చారు. తర్వాతి గంటలో యూరిన్ 25 వచ్చింది, ఆ తర్వాత 35. ఆ 35 చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అలాగని ఎక్కువ ఎక్కించినా ప్రమాదమే. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, పొట్టలో ప్రెజర్ పెరుగుతుంది. ఫార్ములా మొదలుపెట్టడానికే. ఆ తర్వాత ప్రతి గంటా యూరిన్ చూసి పెంచడం, తగ్గించడం జరుగుతుంది. కరెంట్ షాక్ కేసుల్లో అయితే రంగు కూడా చూస్తాం. డికాషన్ రంగులో వస్తే లోపల కండ దెబ్బతిన్నట్టు, అప్పుడు ఇంకా ఎక్కువ యూరిన్ వచ్చేలా చూడాలి.

ఆ రాత్రి ఇంకోటి కూడా నేర్చుకున్నాను. సిస్టర్ వెళ్తూ వెళ్తూ "ఆమెతో మాట్లాడుతూ ఉండు" అన్నారు. ధైర్యం చెప్పడానికేమో అనుకున్నాను. ఆమె మాటిమాటికీ ఒకటే అడుగుతోంది, "పాప ఎక్కడుంది సిస్టర్?" అని. "మీ అమ్మగారి దగ్గరుంది" అని నేను చెప్తూనే ఉన్నాను. పన్నెండున్నరకి అదే ప్రశ్న అడిగింది, కానీ గొంతు వేరేగా ఉంది. బొంగురుగా. టార్చ్ వేసి చూస్తే ముక్కులో వెంట్రుకలు కమిలిపోయి ఉన్నాయి. మూసిన గదిలో వేడి గాలి, పొగ పీల్చినవాళ్లకి గొంతు లోపల వాపు వస్తుంది. ఆక్సిజన్ రీడింగ్ బాగానే ఉంటుంది, అరగంటలో దారి మూసుకుపోవచ్చు. డాక్టర్‌ని పిలిచాను, వెంటనే గొంతులో ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టారు. ఆలస్యమైతే ట్యూబ్ వేయడానికి దారే దొరకదు. మాట్లాడించమన్నది గొంతు వినడానికి అని అప్పుడు అర్థమైంది.

ఇంకొన్ని పనులు క్విక్‌గా చెప్తాను. కాలినవాళ్లకి చలేస్తుంది. చర్మం లేకపోతే ఒంట్లో వేడి నిలవదు, అందుకే ఏసీ తగ్గించి వెచ్చగా కప్పుతాం. చెయ్యి చుట్టూతా కాలితే గట్టిపడిన చర్మం బెల్టులా బిగుస్తుంది, అందుకే వేళ్ల రంగు, నాడి చూస్తూనే ఉంటాం. ఇక పొట్ట. పెద్ద కాలిన గాయాల్లో కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు. వీటిని కర్లింగ్ అల్సర్ అంటారు, 1842లో కర్లింగ్ అనే ఇంగ్లిష్ సర్జన్ రాశారు కాబట్టి ఆ పేరు. అందుకే మొదటి రోజే ముక్కు గొట్టం ద్వారా కొద్దికొద్దిగా ఫీడ్ మొదలుపెడతాం. "ఈ స్థితిలో తిండేంటి సిస్టర్?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. పేగులు పని చెయ్యాలి, గాయం మానడానికి బలం కావాలి, అందుకే.

రెండో రోజుకి ముఖం బాగా వాచి కళ్లు మూసుకుపోయాయి. వాళ్లమ్మకి ముందే చెప్పి లోపలికి తీసుకెళ్లాను, "వాపమ్మా, చూపు పోలేదు, కొన్ని రోజుల్లో తగ్గుతుంది" అని. చెప్పకుండా చూపిస్తే ఆ తల్లి తట్టుకోలేదు. ఆమె తర్వాత చర్మం అతికించే ఆపరేషన్లు చేయించుకుని, వారాల తర్వాత నడుచుకుంటూ ఇంటికెళ్లింది. ట్యూబ్ తీశాక మొదట అడిగింది కూడా పాప గురించే.

ఇప్పుడు మీ పని. ఇంట్లో ఎవరికైనా కాలితే ఇవి గుర్తుపెట్టుకోండి.

బట్టలకి మంట అంటుకుంటే పరుగెత్తకుండా కింద పడుకుని దొర్లాలి. కరెంట్ అయితే ముందు మెయిన్ ఆఫ్ చెయ్యండి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోండి.

కాలిన చోట కుళాయి నీళ్లు 20 నిమిషాలు పొయ్యండి. ఐస్ వద్దు. టూత్‌పేస్ట్, ఇంకు, నెయ్యి, పసుపు ఏవీ వద్దు. ఒంట్లో చాలా భాగం కాలినా, చిన్నపిల్లలైనా మిగతా ఒళ్లు చల్లబడకుండా కప్పి ఉంచండి.

ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసెయ్యండి. వాచాక కట్టర్‌తో కొయ్యాల్సి వస్తుంది. ఒంటికి అతుక్కుపోయిన బట్ట మాత్రం లాగొద్దు.

శుభ్రమైన పొడి గుడ్డ కప్పి 108కి ఫోన్ చెయ్యండి.

చివరగా, గడియారం చూడండి. మీ ఫోన్‌లోనే కాలిన టైమ్ టైప్ చేసి పెట్టుకోండి. హాస్పిటల్‌లో ఎవరూ అడగకపోయినా మీరే చెప్పండి: "సిస్టర్, ఏడింటికి కాలింది" అని. ఆ ఒక్క మాట ఆ రాత్రి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు బర్న్స్ కేసు వస్తే కేస్ షీట్ పైన ఎర్ర పెన్నుతో ముందు ఆ టైమే రాస్తాను.

వచ్చే ఎపిసోడ్‌లో రక్తపు వాంతులతో వచ్చే పేషెంట్ల గురించి చెప్తాను. అప్పటిదాకా పొయ్యి దగ్గర జాగ్రత్త. ఉంటాను మరి.