కడలి అడుగున వార్తల బాట

మేడ్చల్ పట్టణమునుండి ఉత్తరముగా నాగపూరు వైపు పోవు పెద్దబాట ప్రక్కన అచ్చటచ్చట కాలువలు త్రవ్వి, వానియందు రంగు గొట్టములను పూడ్చు కూలివారిని మీరు చూచియే యుందురు. ఆ గొట్టములలో నీరు పారదు. వానిలో గాజుపోగులు సాగిపోవును. వెండ్రుకవంటి ఆ సన్నని పోగులలో వెలుతురు పరుగెత్తును. మన మాటయు, మన ఉత్తరమును, మన ముఖచిత్రమును ఆ వెలుతురుపై నెక్కియే దూరదేశములకు పోవుచున్నవి.

మా వీథిలో ఒక ముసలమ్మ కలదు. ప్రతి ఆదివారము ఉదయమున ఆమె అమెరికాలోని మనుమనితో మాటలాడును. ఒకనాడు ఆమె నన్ను చూచి, “సారూ! నా మాట ఆకాశము మీదుగా పోవుచున్నదా?” అని యడిగినది. “కాదమ్మా, సముద్రము అడుగునుండి పోవుచున్నది” అంటిని. ఆమె నమ్మలేదు. మన ఊరికి ఏ దిక్కున చూచినను సముద్రము వందల కిలోమీటర్ల దూరమున నున్నది. ఆమె నమ్మకపోవుటలో వింత యేమున్నది?

అయినను అది సత్యము. ఉపగ్రహముల ద్వారమున పోవు సమాచారము స్వల్పము. ఖండమునుండి ఖండమునకు పోవు సమాచారములో అత్యధికభాగము సముద్రగర్భమున పఱచిన కేబులులలోనే ప్రవహించుచున్నది. మన మాట నేలలోని పోగులవెంట ముంబైకో, చెన్నైకో చేరి, అచ్చట సముద్రమున మునిగి, వేలకొలది కిలోమీటర్లు పోయి, ఆవలి ఒడ్డున తేలును. ఇది యంతయు రెప్పపాటులో జరిగిపోవును.

ఇంతటి కార్యమును ఎవరు సాధించిరి? శామీర్‌పేట చెరువును చూడని బాలుడు ఈ ప్రాంతమున నుండడు. ఒక చెరువును నిర్మింపవలెనన్న ఎవరెవరు కావలయును? ధనమిచ్చువాడొకడు, నేలవాలు నెఱిగి కట్ట యెచ్చట వేయవలయునో చెప్పువాడొకడు, మట్టి మోయువారు వందలమంది, కట్ట తెగకుండ, తూము చెడకుండ కనిపెట్టియుండు నీరటివాడొకడు. ధనమిచ్చినవాడు వాలు నెఱిగినవాని మాటను పెడచెవిని పెట్టెనేని తొలివానకే కట్ట తెగును. సముద్రపు కేబులు విషయమున సరిగా నిట్లే జరిగినది. ఆ కథ వినదగినది.

1854వ సంవత్సరమున న్యూయార్కు నగరమున సైరస్ ఫీల్డ్ అను కాగితపు వర్తకు డుండెను. ముప్పదియైదేండ్లు నిండకమునుపే అతడు గొప్ప ధనము గడించెను. ఆ దినములలో అమెరికానుండి ఇంగ్లండునకు ఒక వార్త చేరవలెనన్న ఓడపై పది దినములకు పైగా పట్టెడిది. న్యూఫౌండ్‌లాండ్ దీవిమీదుగా తంతి వేయ దలచిన గిస్‌బోర్న్ అను ఇంజనీరు ధనసహాయమునకై ఫీల్డు నింటికి వచ్చెను. అతడు వెడలిన పిదప ఫీల్డు తన గదిలోని భూగోళమును త్రిప్పి చూచి, “ఆ దీవివఱకు తంతి వేయగలిగినచో, అచ్చటినుండి సముద్రము క్రిందుగా ఐర్లండువఱకు ఏల వేయరాదు?” అని తలపోసెను. ఆ యొక్క తలంపునకు అతడు పండ్రెండేండ్లు ధారవోసెను.

ఫీల్డునకు ఉత్సాహమును ధనమును కలవు గాని విద్యుచ్ఛాస్త్రము తెలియదు. కావున అతడు తోడివారిని కూర్చుకొనెను. 1856లో లండనులో అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కంపెనీ స్థాపింపబడెను. మూడులక్షల యేబదివేల పౌనుల మూలధనము సమకూడెను. ఛార్లెస్ బ్రైట్ అను ఇరువదినాలుగేండ్ల యువకుడు ప్రధాన ఇంజనీరయ్యెను. విద్యుద్విషయములను చూచు పని వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అను వైద్యునకు లభించెను. అతడు వైద్యవృత్తిలో నుండియే విద్యుత్ప్రయోగములు నేర్చినవాడు. కంపెనీ డైరెక్టరులలో గ్లాస్గో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం థామ్సన్ ఒకడు. అప్పటి కతని వయస్సు ముప్పదిరెండేండ్లు. అనంతరకాలమున లార్డ్ కెల్విన్ అని లోకప్రసిద్ధుడైనవా డితడే.

వైట్‌హౌసునకును థామ్సనునకును అభిప్రాయభేదము కలిగెను. దాని నొక ఉపమానముతో తెలిసికొందము. ఎండిన పొడుగాటి కాలువలో తూము విప్పినచో నీరు వెంటనే కడపటి పొలమునకు చేరదు. మొదట కాలువయే కొంత నీటిని త్రాగును. సముద్రమున మునిగిన పొడుగాటి తీగయు నట్లే విద్యుత్తును కొంత తనలో నిలుపుకొని, సంకేతమును ఆలస్యము చేయును. తీగ పొడవు రెండింతలైనచో ఆలస్యము నాలుగింత లగునని థామ్సన్ గణితముచే నిరూపించెను. కావున రాగితీగ లావుగాను శుద్ధముగాను ఉండవలయుననియు, కొద్దిపాటి విద్యుత్తునే పంపి, దానిని ఆవలియొడ్డున మిక్కిలి సున్నితమైన పరికరముతో గుర్తింపవలయుననియు అతడు బోధించెను. వైట్‌హౌస్ ఆ సూత్రమునే అంగీకరింపలేదు. సన్ననితీగ చాలుననియు, విద్యుత్పీడనమును హెచ్చించి వార్తను బలవంతముగా నెట్టవచ్చుననియు అతడు వాదించెను.

పెద్ద లెవరి మాట వినిరి? తక్కువ వ్యయమును, తక్కువ కాలమును చూపినవాని మాటయే వారికి రుచించెను. ఫీల్డు తొందరచే, థామ్సన్ సలహా చెవిని పడకముందే, సన్ననితీగకు ఆజ్ఞ యిచ్చుట జరిగినది. కేబులును రెండు కర్మాగారములు చెఱిసగము తయారుచేసెను. పైనున్న ఇనుపతీగలను ఒకరు కుడివైపునకును, వేఱొకరు ఎడమవైపునకును పురిపెట్టిరి. రెండు ముక్కలను అతుకుచోట ఒకదాని పురిని మఱియొకటి విప్పివేయునను మాట వస్తువు సిద్ధమైన పిదప గాని తెలియలేదు. తయారైన కేబులు కొంతకాలము ఆరుబయట ఎండలో పడియుండెను. దానిని కప్పిన గట్టాపర్చా అను చెట్టుజిగురు వేడికి మెత్తబడెను. ఒక్కొక్కటి చిన్నలోపమే. కాని సముద్రము చిన్నలోపమును క్షమింపదు.

1857 ఆగస్టులో కేబులు తెగి సముద్రము పాలయ్యెను. 1858లో అగమెమ్నాన్, నయాగరా అను రెండు యుద్ధనౌకలు నడిసముద్రమున కలిసికొని, కేబులు కొనలను అతికి, చెఱియొక దిక్కునకును సాగెను. అగమెమ్నాన్ ఘోరమైన తుపానులో చిక్కి మునుగబోయి బయటపడెను. వైట్‌హౌస్ అనారోగ్యకారణమున ఒడ్డుననే నిలువగా, అతని స్థానమున థామ్సన్ వేతనము లేకయే ఆ నౌకపై ప్రయాణించెను. తన సలహాను త్రోసివేసిన కార్యమునకే అతడు ప్రాణము నొడ్డుట గమనింపదగినది. పెక్కు వైఫల్యముల పిదప ఆగస్టు 5న రెండు ఖండములును కలిసెను.

విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునకు తొంబదియెనిమిది మాటల సందేశము పంపెను. అది చేరుటకు పదునాఱు గంటలు పట్టెను. వార్తను వేగముగా నెట్టవలెనని వైట్‌హౌస్ రెండువేల వోల్టుల వఱకు పీడనము ప్రయోగించెను. అప్పటికే లోపములతో నున్న కేబులు దాని కాగలేకపోయెను. సెప్టెంబరు 1న న్యూయార్కు ప్రజలు ఫీల్డును ఊరేగించి మహోత్సవము చేయుచుండగా, సముద్రగర్భమున కేబులు మూగవోయెను. మొన్న పూలు చల్లినవారే నేడు ఇది యంతయు మోసమని నిందించిరి. కంపెనీ వైట్‌హౌసును తొలగించెను.

ఇచ్చటనే ఆ బృందముయొక్క గొప్పతనము బయటపడినది. ఓటమిని దాచుకొనక, ప్రభుత్వమును కంపెనీయు కలిసి ఒక విచారణసంఘమును నియమించిరి. ఆ సంఘము అనేక నిపుణులను ప్రశ్నించి 1861లో నివేదిక నిచ్చెను. తప్పు లెచ్చట జరిగినవో పేరుపేరున తేలెను. థామ్సన్ మార్గమే సరియైనదని పెద్దలు గ్రహించిరి. క్రొత్త కేబులులో రాగి మునుపటికంటె దాదాపు మూడురెట్లు హెచ్చెను.

1865లో గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌక రంగమునకు వచ్చెను. నాడు ప్రపంచమున అంత పెద్ద ఓడ లేదు. జేమ్స్ ఆండర్సన్ దానికి కప్తాను; శామ్యూల్ కానింగ్ ఇంజనీరు; కేబులు తయారించి పఱచిన కంపెనీకి జాన్ పెండర్ అధ్యక్షుడు; విద్యుద్విషయమున థామ్సన్ సలహాదారుడు. ఇప్పుడు ఎవరి పనిని వారే చేసిరి. ఒకరి మాట నొకరు వినిరి. అయినను ఆగస్టు 2న కేబులు తెగి రెండుమైళ్లకు మించిన లోతున పడిపోయెను. గాలములు వైచి లాగినను అప్పటికి దక్కలేదు. ఫీల్డు మరల ధనము కూర్చెను. 1866 జూలై 27న క్రొత్త కేబులు న్యూఫౌండ్‌లాండ్ తీరమున హార్ట్స్ కంటెంట్ అను గ్రామమును చేరెను. అంతటితో నిలువక వారు నడిసముద్రమునకు మరలిపోయి, పోయిన సంవత్సరపు కేబులును గాలముతో పైకెత్తి, అతికి, సెప్టెంబరు 8 నాటికి దానిని గూడ ఒడ్డు చేర్చిరి. ఒకటి పోయినచోట రెండు లభించెను!

ఆ గ్రేట్ ఈస్టర్న్ ఓడయే 1870లో బొంబాయికి వచ్చి, అచ్చటినుండి ఏడెనువఱకు కేబులు పఱచెను. ఆ యేడు జూన్ నాటికి ఇంగ్లండును భారతదేశమును సముద్రమార్గమున కలిసెను. మఱుసటి సంవత్సరము మద్రాసునుండి పెనాంగునకు కేబులు సాగెను.

అట్లాంటిక్ విజయము జరిగిన సరిగా నూఱేండ్లకు, అనగా 1966లో, ఛార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ అను శాస్త్రజ్ఞులు శుద్ధమైన గాజుపోగులో వెలుతురుద్వారా వార్తలను దూరము పంపవచ్చునని సిద్ధాంతీకరించిరి. కావ్ పండితునకు 2009లో నోబెల్ బహుమానము లభించెను. 1988లో అట్లాంటిక్ సముద్రమున మొదటి గాజుపోగు కేబులు పనిచేయ నారంభించెను.

నేటి కేబులు లోతైన సముద్రమున తోటకు నీరుపట్టు గొట్టమంత లావే యుండును. లోపలి పోగులలో వెలుతురు పోనుపోను మందగించును. కావున అఱువదినుండి నూఱు కిలోమీటర్ల కొకచోట దానికి మరల బలమిచ్చు యంత్రముల నమర్చెదరు. ఆ యంత్రములకు కావలసిన విద్యుత్తును ఒడ్డునుండియే వేలకొలది వోల్టుల పీడనముతో పంపెదరు. నాడు రెండువేల వోల్టులు కేబులును చంపగా, నేడు అంతకు మించిన పీడనము దానిని పోషించుచున్నది! నాడు మొండితనము నడపినది. నేడు లెక్క నడపుచున్నది.

మన దేశమునను ఇట్టి సమష్టికార్యములు జరిగినవి. చెన్నైనుండి అండమాను దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. ధనము కేంద్రప్రభుత్వపు సార్వత్రిక సేవా నిధి యిచ్చెను. నిర్వహణభారమును భారత్ సంచార్ నిగమ్ వహించెను. మఱియొక ప్రభుత్వసంస్థ సాంకేతికసలహా నొసగెను. జపానుకు చెందిన ఎన్ఈసీ సంస్థ కేబులు పఱచెను. అంతకుమునుపు ఉపగ్రహములపైననే ఆధారపడిన దీవులవారికి వేగవంతమైన ఇంటర్నెట్ అందెను.

ఇప్పుడు తెలుగుతీరముయొక్క వంతు వచ్చినది. భారతదేశమునకు వచ్చు కేబులులలో అధికభాగము ముంబై, చెన్నై నగరములందే ఒడ్డు చేరుచుండెను. ఉన్న ద్వారములు తక్కువైనచో ఒక్క ద్వారమునకు ఆపద కలిగినను అందఱకును ఇబ్బందియే. 2025 అక్టోబరులో విశాఖపట్టణమున కేబులు ఒడ్డు చేరు కేంద్రమునకు సిఫీ సంస్థ పక్షమున శంకుస్థాపన జరిగెను. ఆ సంస్థ అధ్యక్షుడు వేగేశ్న రాజు. అదే నెల 14న గూగుల్ సంస్థ, అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ సంస్థలతో కూడి, విశాఖయందు ఐదేండ్లలో పదునైదువందల కోట్ల డాలరులు వెచ్చించి గొప్ప సమాచారకేంద్రము నిర్మింపనున్నట్లును, అంతర్జాతీయ కేబులులను అచ్చట ఒడ్డు చేర్పనున్నట్లును ప్రకటించెను.

ధనము కలదు, విద్యయు కలదు. ఇక కావలసిన దేమి? ప్రపంచమున ఏటేట నూటయేబదినుండి రెండువందల పర్యాయములు కేబులులు చెడుచున్నవి. వానిలో ఎక్కువపాలు చేపల వలలవలనను, ఓడల లంగరులవలనను జరుగునవే. విశాఖ జాలరులకు ఆ సముద్రపు అడుగు తమ పెరటివలె తెలియును. ఎచ్చట రాయి యున్నది, ఎచ్చట ఇసుక యున్నది, ఏ ఋతువున ఎచ్చట వలలు దిగును అను విషయములను వారు చెప్పగలరు. కేబులు దారి తమ వలల దారికి అడ్డుపడునేమో యన్న చింతయు వారికి సహజమే. నాడు థామ్సన్ మాట వినని పెద్దలు ఏమైరో చూచితిమి. నేటి పెద్దలు ఇంజనీరు మాటతోబాటు జాలరి మాటయు విన్నప్పుడే కేబులును నిలుచును, జాలరి బ్రతుకును నిలుచును.

బాలలారా! మీలో ఒకడు రేపు ధనము కూర్చువాడు కావచ్చును. ఒకతె గణితముతో దారి చూపునది కావచ్చును. వేఱొకడు ఓడ నడపవచ్చును. ఏ పని చేసినను, మీకు తెలియనిదానిని తెలిసినవాని నడిగి తెలిసికొనుట చిన్నతనమని తలపకుడు.

మఱుసటి ఆదివారము ఆ ముసలమ్మకు ఈ కథ యంతయు చెప్పితిని. ఆమె శ్రద్ధగా విని, “ఆ తీగ వేసినవాని పేరేమి సారూ? వాడు చల్లగా నుండవలె” అన్నది.

“ఒక్క పేరు కాదమ్మా, వేలమంది” అంటిని. ఆమె వీథిచివర గొట్టములు పూడ్చుచున్న కూలివారివైపు చూచి, “వీరు గూడనా?” అని యడిగినది.

“వీరు గూడనే” అంటిని. ఆమె లోనికి పోయి, వారికి కడవతో మంచినీరు తెచ్చినది.