డబ్బు ఎవరిది, రశీదు ఎవరికి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు ఉత్తరాంధ్రకు సాయం చేయాలనుకున్నవాళ్లు పేపర్లో పడిన బ్యాంకు ఖాతా నంబరు చూసి చెక్కు రాసేవారు, లేదంటే బ్యాంకుకు వెళ్లి జమ చేసేవారు. నాలుగేళ్ల తర్వాత, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడితోటలను నేలకూల్చే నాటికి దారి మారిపోయింది. మధ్యలో 2016లో యూపీఐ వచ్చింది. పొట్ట చేత పట్టుకుని వలస వెళ్లిన సిక్కోలు వాళ్ల చేతుల్లోకి వాట్సాప్, ఫేస్‌బుక్ వచ్చాయి. కూలిన తోట ఫొటో, దాని కింద ఒక ఫోన్ నంబరు: విరాళాల పిలుపు అంటే ఇంతే అయింది. ఉద్దానం కిడ్నీ రోగుల మందులకైనా, రాకపోకల ఖర్చులకైనా ఇప్పుడు అడిగే తీరు ఇదే. డబ్బు నిమిషాల్లో చేరుతోంది, సంతోషం. ఇచ్చినవాళ్ల పేరు మాత్రం దారిలోనే జారిపోతోంది. ఆ పేరును పట్టుకుని పద్దులో ఎక్కించడం గుమస్తా పని అని చాలా సంస్థలు తేలిగ్గా తీసుకుంటున్నాయి. దాత మళ్లీ ఇస్తాడా లేదా అన్నది తేలేది ఆ పద్దు దగ్గరేనని నేను నమ్ముతాను.

1958లో విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి.రాజు అక్కడ మాన్సాస్ ట్రస్టు పెట్టినప్పుడు దాత ఒక్కరే. ఎవరు ఇచ్చారో, దేనికి ఇచ్చారో వెతుక్కోవాల్సిన పని లేదు. ఇవాళ ఒక చిన్న ట్రస్టు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూడండి. యూపీఐ అన్న మాట, పన్నెండంకెల నంబరు, సగంలో తెగిపోయిన పేరు, పక్కన ఐదు వందలు. చిరునామా లేదు, పాన్ లేదు, ఏ పోస్టు చూసి పంపారో లేదు. మధ్యవర్తి ఉంటే చిక్కు ఇంకా ముదురుతుంది. కవిటి కుర్రాడొకడు ఇన్‌స్టాగ్రామ్‌లో అడిగి, అరవై మంది దగ్గర తన ఫోన్‌పేకి నలభై వేలు వేయించుకుని, మొత్తం ఒకేసారి ట్రస్టుకు పంపాడనుకుందాం. స్టేట్‌మెంట్‌లో కనిపించేది ఒక్క గీత, ఒక్క పేరు. ట్రస్టు ఆ పేరు మీదే రశీదు కోసేస్తే అరవై మంది ఇచ్చిన దానికి పన్ను మినహాయింపు ఒక్కడికి దక్కుతుంది. అతను మంచివాడే కావచ్చు, కానీ ఆ రశీదు మాత్రం తప్పు.

దీనికి పరిష్కారం మన పెళ్లిళ్లలోనే ఉంది. చదివింపులు రాసే పెద్దమనిషి దగ్గరకు ఒకాయన ఐదు కవర్లు తెస్తే ఐదు పేర్లు రాస్తాడు, ఫలానా వారి ద్వారా అని పక్కన చేరుస్తాడు. సంస్థ పద్దులోనూ ఆ రెండు గడులు ఉండాలి: సొమ్ము ఎవరిది, ఎవరి ద్వారా వచ్చింది. రశీదు మొదటివారికి, కృతజ్ఞత ఇద్దరికీ. ఫండ్ రైజింగ్ వేదిక కమీషన్ కోసుకున్నప్పుడూ ఇంతే. దాత వెయ్యి ఇస్తే వెయ్యి విరాళంగానూ, కోసుకున్నది ఖర్చుగానూ రాయాలి. చేతికొచ్చిన మొత్తం ఒక్కటే రాస్తే దాత ఇచ్చిన దాంట్లో కొంత లెక్కలోంచే మాయమవుతుంది.

చట్టం కూడా పేరు అడుగుతోంది. దాతలకు పన్ను మినహాయింపు దక్కే 80జీ గుర్తింపు ఉన్న సంస్థలు దాత పేరు, చిరునామా, పాన్ లేదా ఆధార్ వంటి గుర్తింపు నంబరు, ఇచ్చిన మొత్తం, ఇచ్చిన తీరు 10బీడీ ఫారంలో నింపి మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకు ఇవ్వాలన్న పద్ధతి 2021-22 నుంచి మొదలైంది. ఆ పైనే దాతకు 10బీఈ సర్టిఫికెట్. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. కొత్త పన్ను విధానంలో 80జీ మినహాయింపే లేదు కదా, ఈ బాధంతా దేనికి అని అడగవచ్చు. నిజమే, వంద రూపాయలు పంపే కూలీకి సర్టిఫికెట్ అక్కర్లేదు. అయితే పేరూ చిరునామా రాసుకోని విరాళాలు లక్ష రూపాయలు, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటితే, ఆ పైమొత్తం మీద సేవాసంస్థ 30 శాతం పన్ను కట్టాలి. ఆ పన్ను పోయేది రోగి మందుల డబ్బులోంచే. గుప్తదానం మన సంప్రదాయం కాదా అంటారు కొందరు. వారి మనసును నేను గౌరవిస్తాను. పేరు ఫ్లెక్సీ మీద వేయొద్దనడం దాత హక్కు. పద్దులో ఉన్న పేరును బయట పెట్టకుండా కాపాడటం సంస్థ బాధ్యత. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డు రావు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల డబ్బు దగ్గర ఇంకో ప్రశ్న వేయక తప్పదు: పాస్‌పోర్టు ఏ దేశానిది? భారత పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో పనిచేసేవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న సోంపేట బిడ్డ ఇక్కడి ఖాతా నుంచి రూపాయల్లో పంపినా అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేని సంస్థ దాన్ని ముట్టుకోకూడదు. అనుమతి ఉన్నా 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే తీసుకోవాలి. ఫేస్‌బుక్ పోస్టుకు సరిహద్దు లేదు, దాని కింద పెట్టిన క్యూఆర్ కోడ్‌కు మాత్రం ఉంది.

పేరుతో పాటు పద్దుకెక్కాల్సింది పోస్టులో రాసిన మాట. 2020 జనవరిలో ఆస్ట్రేలియా కార్చిచ్చుల వేళ హాస్యనటి సెలెస్ట్ బార్బర్ ఫేస్‌బుక్‌లో పిలుపునిస్తే 5 కోట్లకు పైగా ఆస్ట్రేలియా డాలర్లు వచ్చాయి. డబ్బు చేరాల్సిన చోటుగా పెట్టింది న్యూ సౌత్ వేల్స్ గ్రామీణ అగ్నిమాపక దళం ట్రస్టును. ఊహించనంత వచ్చాక ఇతర రాష్ట్రాలకు, ఇళ్లు కాలిన కుటుంబాలకు కూడా పంచాలని ఆమె ఆశపడ్డారు. ఎంతోమంది దాతలూ అలాగే అనుకుని ఇచ్చారు. అందుకు ట్రస్టు దస్తావేజు ఒప్పుకోదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అదే ఏడాది మే నెలలో తేల్చింది. గాయపడిన సిబ్బందికీ, చనిపోయినవారి కుటుంబాలకూ ఇవ్వొచ్చు, బయటి సంస్థలకు ఇవ్వకూడదు. ఇక్కడ ఎవరూ ఒక్క డాలరు కూడా తినలేదు. అడిగినామె, ఇచ్చినవాళ్లు ఒకటి అనుకున్నారు, దస్తావేజు మరొకటి చెప్పింది, అంతే. వజ్రపుకొత్తూరు జాలర్ల వలల కోసం అని అడిగి మిగిలింది మందస తోటలకు పెడితే మనమూ అక్కడికే చేరతాం. మిగిలితే ఫలానా పనికి వాడతాం అన్న ఒక్క వాక్యం పోస్టులోనే ఉంటే గొడవ లేదు. ఆ పోస్టు స్క్రీన్‌షాట్ పద్దుతో పాటు దాచుకోవాలి, పోస్టులు తర్వాత చెరిగిపోతాయి గనుక.

ఇళ్లు కూలి జనం రోడ్డున పడితే పాన్ నంబర్లు అడుగుతూ కూర్చుంటామా అన్నది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. కూర్చోనక్కర్లేదు. బియ్యం ముందు పంపాలి. క్యూఆర్ కోడ్ పక్కన చిన్న గూగుల్ ఫారం లింకు పెడితే, డబ్బు వేసినవారు పేరు, చిరునామా, పౌరసత్వం, లావాదేవీ నంబరు నింపుతారు. రశీదు కావాలన్నవారు పాన్ కూడా ఇస్తారు. నింపనివారికి వారం లోపల ఒక మెసేజ్ పెట్టాలి. హుద్‌హుద్, తిత్లీ రెండూ వచ్చింది అక్టోబరులోనే, 10బీడీ గడువు మే 31. ఏడు నెలల వ్యవధి ఉంది కదా అని ఊరుకుంటేనే ముప్పు. సేకరించిన కుర్రాడు ఈలోగా ఫోన్ మార్చేస్తాడు, గ్రూపు మూతపడుతుంది, మే నెలలో ఆడిటర్ ఎదుట ఆ నలభై వేలకు ఒక్క పేరే మిగులుతుంది.