కండరపు ముక్కలు చెప్పిన ఆస్పిరిన్ గుట్టు

"మాత్ర వేసుకునేది నోట్లో కదా సార్, నొప్పి మోకాల్లో ఉందని దానికెలా తెలుస్తుంది?" తొమ్మిదో తరగతిలో ఓ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. మాత్రకేమీ తెలియదు. రక్తంతో పాటు ఒళ్లంతా తిరిగి, ఒక తయారీని ఎక్కడికక్కడ ఆపుతుంది. ఆ తయారీ జోరుగా సాగుతున్నది వాచిన చోటే కాబట్టి ఉపశమనం అక్కడే తెలుస్తుంది. డెబ్బై ఏళ్లకు పైగా ఆస్పిరిన్ వాడినా, 1971 దాకా ఈ జవాబు ఎవరికీ తెలియదు. దాన్ని రాబట్టిన పరికరమంటే నాకు ఎనలేని ఇష్టం.

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో జాన్ వేన్ దాన్ని అమర్చాడు. కుందేలు బృహద్ధమని, ఎలుక జీర్ణాశయం, ఎలుక పెద్దపేగు, కోడిపిల్ల పురీషనాళం: వీటి నుంచి కోసిన సన్నని కండరపు ముక్కలు ఒకదాని కింద ఒకటి వేలాడుతుంటాయి. ఒంటి వేడికి సమానంగా కాచిన ఉప్పు ద్రావణం పైనుంచి ఒక్కో ముక్కనూ తడుపుతూ కిందికి కారుతుంది. ప్రతి ముక్కకూ ఒక దారం, దారానికి మీట, మీట కదలికను కాగితం మీద గీసే పెన్ను. ముక్క ముడుచుకుంటే గీత లేస్తుంది, సడలితే దిగుతుంది. ఒక్క ముక్క మీదుగా ద్రావణం కారించే పద్ధతి జాన్ గాడమ్‌ది. ముక్కల్ని వరుసగా పేర్చడం వేన్ తెలివి.

ఆ వరుసలోనే ఉంది కిటుకంతా. ఒక్కో రసాయనానికి ఒక్కో ముక్క ఒక్కో తీరుగా స్పందిస్తుంది. అన్ని గీతల్నీ కలిపి చూస్తే వచ్చినదేమిటో గుర్తుపట్టవచ్చు. హిస్టమిన్, అడ్రినలిన్ లాంటి తెలిసిన రసాయనాలు పనిచేయకుండా వాటి విరుగుడు మందుల్ని ముందే ద్రావణంలో కలిపేవారు. ఆ తర్వాత కూడా ముక్క కదిలిందంటే, వచ్చింది మరేదో అన్నమాట. ఇంకో ఉపాయం చూడండి. దారిలో ఒక గొట్టపు చుట్టను చేర్చి ద్రావణాన్ని ఆలస్యం చేస్తే, ఆ లోపు పదార్థం ఎంత నశించిందో కింది ముక్క చెబుతుంది. పేరు, నిర్మాణం తెలియకుండానే ఆయుష్షు కొలవవచ్చు!

స్టాక్‌హోమ్‌లో సూనె బెర్గ్‌స్ట్రోమ్, బెంగ్ట్ శామ్యూల్‌సన్‌ల దారి వేరు. అణువును శుద్ధిచేసి, దాని ముక్కల బరువు తూచి, ఆకృతి తేల్చే రసాయనవేత్తలు వాళ్లు. వాచిన చోట జోరుగా తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్ల నిర్మాణం తేల్చింది ఆ ప్రయోగశాలే. అవి అరాకిడోనిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లం నుంచి పుడతాయని 1964లో అక్కడివారూ, నెదర్లాండ్స్‌లో వాన్ డార్ప్ బృందమూ విడివిడిగా చూపారు.

ఇరవై కార్బన్లు, నాలుగు ద్విబంధాలు ఉన్న ఈ ఆమ్లాన్ని కణం తన పొరలోని ఫాస్ఫోలిపిడ్లకు అతికించి దాచుకుంటుంది. తెల్ల రక్తకణాలు కొవ్వు బిందువుల్లోనూ నిల్వ చేస్తాయి. వాపు వేళ ఆ బిందువులు పెరుగుతాయి. గాయమో, సూక్ష్మజీవో తగిలితే ఫాస్ఫోలైపేజ్ అనే ఎంజైమ్ ఆమ్లాన్ని కత్తిరించి వదులుతుంది. సైక్లోఆక్సిజనేజ్ దానికి రెండు ఆక్సిజన్ అణువులు చేర్చి ప్రోస్టాగ్లాండిన్‌కు బాట వేస్తుంది. రక్తనాళాలు వెడల్పవుతాయి, నొప్పి నరాలు సున్నితమవుతాయి, జ్వరం పెరుగుతుంది. పిండి రుబ్బి ఉంచుకుని దోసె అప్పటికప్పుడు పోసినట్టు, కణం ఆమ్లాన్ని దాస్తుందే తప్ప ప్రోస్టాగ్లాండిన్‌ను దాచదు. కాబట్టి తయారీని ఆపితే చాలు.

1969లో ప్రిసిల్లా పైపర్, వేన్ కలిసి, గుడ్డు ప్రోటీన్‌కు అలర్జీ తెప్పించిన గినీపంది ఊపిరితిత్తుల గుండా పారించిన ద్రావణాన్ని లండన్‌లోని ఆ కండరపు ముక్కల మీదికి వదిలారు. ఆ ప్రోటీన్‌నే ఎక్కించగానే కుందేలు ధమని గట్టిగా ముడుచుకుంది. విరుగుడు మందులు కలిపాక తెలిసిన రసాయనాలేవీ అలా చేయలేవు. పైగా ఆ పదార్థం కొద్ది నిమిషాల్లోనే మాయం! ఆస్పిరిన్ ఇస్తే అసలు వెలువడనేలేదు. ఆస్పిరిన్ ఆపేది ప్రోస్టాగ్లాండిన్ తయారుచేసే ఎంజైమునేనా అని వేన్‌కు తట్టింది. నూరిన ఊపిరితిత్తుల కణజాలానికి అరాకిడోనిక్ ఆమ్లం, ఆస్పిరిన్ కలిపి చూశాడు. మోతాదు పెరిగేకొద్దీ ప్రోస్టాగ్లాండిన్ తగ్గింది. 1971లో ఆ ఫలితం అచ్చయింది.

మాయమైన ఆ పదార్థం ప్రధానంగా థ్రోంబాక్సేన్ ఎ2 అని 1975లో స్టాక్‌హోమ్ తేల్చింది. దాని అర్ధాయువు సుమారు 30 సెకన్లు. 1976లో వేన్ బృందం దానికి సరిగ్గా ఎదురు పనిచేసే ప్రోస్టాసైక్లిన్‌ను పట్టుకుంది. 1979లో శామ్యూల్‌సన్ ల్యూకోట్రైన్లను వర్ణించాడు: తెల్ల రక్తకణాల్లో అదే ఆమ్లం మరో దారిలో వెళ్తే పుట్టేవి, ఆస్పిరిన్‌కు లొంగనివి. 1982లో ముగ్గురికీ కలిపి నోబెల్ వచ్చింది. తర్వాత వాపులో పెరిగే రెండో సైక్లోఆక్సిజనేజ్ బయటపడింది. స్పైరులినాలోని నీలి వర్ణకం దాన్ని ఎంచి మరీ అడ్డుకుంటుందని 2000లో చూపినవారిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయపు రెడ్డన్న బృందం ఉంది.

ప్లేట్‌లెట్లను గుమిగూడేలా చేసేది థ్రోంబాక్సేనే. ఆస్పిరిన్ వాటి ఎంజైమును శాశ్వతంగా పాడుచేస్తుంది. కేంద్రకం లేని ప్లేట్‌లెట్ కొత్త ఎంజైము చేసుకోలేదు కనుక, బతికినన్నాళ్లూ అంతే. గుండెజబ్బు ఉన్నవారికి చిన్న మోతాదు మేలు చేసేది ఇందువల్లే. డెంగీలో రక్తస్రావం ముప్పు పెంచేదీ ఇందువల్లే. వానాకాలపు జ్వరాలకు డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ వేసుకోకండి, పిల్లలకు అసలే వేయకండి.