తాళం వేసిన లోయలో తేట నీళ్లు

బౌల్డర్ ఊరికి సొంత హిమానీనదం ఉంది. కొనుక్కున్నదే. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల పాదాన ఉన్న ఈ ఊరు 1920ల చివర్లో అరపహో హిమానీనదాన్నీ దాన్ని ఆనుకున్న నేలనూ కేంద్ర ప్రభుత్వం దగ్గర ఎకరం ఒకటింబావు డాలరు చొప్పున కొనేసింది. తాగునీటి కోసం కొన్నది కాబట్టి ఆ పరీవాహక ప్రాంతంలోకి జనాన్ని రానివ్వదు. బౌల్డర్‌లో చదువుకునే మన తెలుగు పిల్లలు కుళాయి తిప్పితే వచ్చే నీళ్లలో కొంత అక్కడిదే. అక్కడ కాలు పెట్టడానికి మాత్రం వీల్లేదు.

అయితే ఉత్తరాన ఉన్న నైవాట్ కొండగట్టు మీద నిలబడి కిందికి చూడొచ్చు. నైవాట్ అంటే అరపహో తెగవాళ్ల భాషలో ఎడమచేతివాటం వాడని. అది వాళ్ల నాయకుడి పేరు. అక్కణ్నుంచి చూస్తే ఆ పరీవాహక ప్రాంతంలోని గ్రీన్ లేక్స్ లోయ మెట్లు మెట్లుగా దిగుతుంది. పైన అరికరీ హిమానీనదం, కింద ఒకదాని తర్వాత ఒకటి చెరువులు. పేర్లు పెట్టే ఓపిక లేకపోయిందేమో, 1 నుంచి 5 దాకా అంకెలు వేసి ఊరుకున్నారు. నాలుగో చెరువు సుమారు 3,550 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ చెట్టన్నది లేదు. బండరాళ్లు, ఆ రాళ్ల సందుల్లో చాపలా పరుచుకున్న గడ్డి, బురద గుంటలు. అంతే.

ఇంత ఎత్తున, ఇంత బోడి నేల మీద పారే నీళ్లలో ఏముంటుంది? చూపుకి ఏమీ ఉండదు. మనం తేట అనేది ఇలాంటి నీళ్లనే. కానీ కుళ్లిన గడ్డి, మట్టిలోని సూక్ష్మజీవులు, నాచు వదిలినది కొంత వాటిలో కరిగే ఉంటుంది. దాన్నే కరిగిన సేంద్రియ పదార్థం అంటారు. అందులోని కర్బనం లీటరుకు ఒక మిల్లీగ్రాముకు కాస్త అటూ ఇటూ. అంత తక్కువ కాబట్టే దాన్ని పట్టుకోవడం పెద్ద పని. సీసా గాజుదే కావాలి, ప్లాస్టిక్ పనికిరాదు. వెలుతురు తగలకుండా గోధుమరంగుది అయితే మేలు. ముందుగా దాన్ని కొలిమిలో 450 డిగ్రీల వేడికి కాల్చి, అంటుకున్న కర్బనమంతా పోగొడతారు. వడకట్టే గాజునార బిళ్లకీ అదే శిక్ష. ఏట్లో సీసాను మూడుసార్లు అదే నీటితో కడిగి, మూతి లోపల వేలు తగలకుండా నింపుతారు. వేలికున్న జిడ్డు కూడా సేంద్రియమే కదా!

ఇక్కడ ఏడాదిలో కురిసేదానిలో నూటికి ఎనభై వంతులు మంచే. శీతాకాలమంతా ఆ దుప్పటి కింద మట్టి పూర్తిగా నిద్రపోదు. సూక్ష్మజీవులు ఎండుగడ్డిని కొరుకుతూనే ఉంటాయి. మే నెలలో కరుగు మొదలై తొలి నీళ్లు మట్టిలోకి దిగగానే, అక్కడ పోగుపడిందంతా ఏట్లోకి కొట్టుకొస్తుంది. ఫిల్టర్‌లో మొదటి డికాక్షన్ చిక్కగా దిగినట్టే. జూన్‌లో ఏరు పొంగే వేళకి చిక్కదనం అప్పటికే తగ్గుముఖం పడుతుంది. నీళ్లు ఎక్కువ, సారం తక్కువ. అంటే ఏరు నిండుగా ఉన్నప్పుడు వెళ్లి సీసా నింపుకొచ్చినవాడికి అసలు సంగతి తప్పిపోతుంది. మోకాలి లోతు మంచులో అడుగులేస్తూ ముందే వెళ్లాలి.

ఆ పదార్థం ఎక్కణ్నుంచి వచ్చిందో వెలుగే చెబుతుంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో డయాన్ మెక్‌నైట్ బృందం 2001లో ఒక కొలత ప్రతిపాదించింది. నీళ్ల మీద 370 నానోమీటర్ల కాంతి వేస్తే అవి మినుకుమంటూ తిరిగి వెలుగునిస్తాయి. ఆ వెలుగులో 450 దగ్గర ఎంత, 500 దగ్గర ఎంత అని చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. ఈ కొలతకు రెండు కొసలు. ఒకటి అంటార్కిటికాలో మొక్క అన్నదే లేని గట్ల మధ్య ఉన్న ఫ్రిక్సెల్ సరస్సు. అక్కడంతా సూక్ష్మజీవుల, నాచుల చలవే కాబట్టి లెక్క 1.9 దగ్గర ఉంటుంది. రెండోది జార్జియాలోని చిత్తడి అడవుల్లో పుట్టే సువానీ నది. ఆకులు నాని టీ రంగుకి తిరిగిన ఆ నీళ్లకి 1.4 దగ్గర. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా ముచ్చటగా అనిపించింది ఇదే. ధ్రువం దగ్గరి సరస్సూ, దక్షిణాది చిత్తడీ వచ్చి ఒక కొండచెరువుకి సాక్ష్యం చెబుతాయి.

ఎరన్ హుడ్ అనే పరిశోధకుడు మెక్‌నైట్, మార్క్ విలియమ్స్‌లతో కలిసి 2003లో ఈ లోయ మీదే అధ్యయనం ప్రచురించారు. మంచు కరిగే రోజుల్లో ఏట్లో మట్టి గుణం ఎక్కువ, వేసవి ముదిరాక చెట్ల హద్దుకి పైనున్న చెరువుల్లో నాచు గుణం ఎక్కువ అని తేలింది.

కింద ఊరికి ఇది వట్టి కుతూహలం కాదు. నీళ్లలో క్లోరిన్ కలిపితే అది ఈ పదార్థంతో కూడి క్లోరోఫారం లాంటివి పుడతాయని నెదర్లాండ్స్‌కు చెందిన యోహానెస్ రూక్ 1974లో బయటపెట్టారు. ఆ జాతి రసాయనాలన్నీ కలిపి లీటరుకు 80 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికాలో ఇప్పుడు నిబంధన. మట్టి నుంచి వచ్చిన సారం క్లోరిన్‌తో తొందరగా కలుస్తుంది కూడా. కాబట్టి బౌల్డర్ పైనున్న బెటాసో శుద్ధికేంద్రానికి మే నెల నీళ్లూ సెప్టెంబరు నీళ్లూ ఒకటి కావు, రెండూ గ్లాసులో ఒకేలా మెరిసినా.

సెప్టెంబరులో నాలుగో చెరువు దగ్గర నింపిన సీసాను చీకటి గదిలో ఆ 370 నానోమీటర్ల కాంతికి పెడితే, వెలుగు మే నెల దానికన్నా కాస్త నీలం వైపు జరిగి ఉంటుంది.